పూర్తి లారీయా, పార్సిలా?

"ఏడు టన్నుల మినపపప్పు సిద్ధముగా నున్నది. చెన్నై పంపవలెను. పార్సిలు ఆఫీసులో వేయుదుమా, లారీయే మాట్లాడుదుమా?" తెనాలి పప్పుమిల్లుల యొద్ద ఇట్టి ప్రశ్న తఱచుగా వినవచ్చును. దుగ్గిరాల పసుపు యార్డులోను, కొల్లిపర, కొల్లూరు లంకల అరటితోటలలోను, బాపట్ల బియ్యపు మిల్లులలోను, రేపల్లె, నిజాంపట్నము ప్రాంతపు రొయ్యల చెఱువుల గట్లమీదను ఇదే ప్రశ్న వేఱువేఱు మాటలలో పుట్టుచుండును. దీనికి పెద్దలు చెప్పు సమాధానము ఒక్కటే: "లారీ నిండినచో లారీ, నిండనిచో పార్సిలు." వినుటకు సబబుగానే యున్నది. కాని అందులో సగమే నిజము. నిండని లారీ లాభించు సందర్భములు గలవు. నిండిన లారీ వర్తకుని ముంచు సందర్భములును గలవు. ఈ రెండింటిని గుఱించియే ఈ ప్రసంగము.

ప్రశ్న లారీలకంటె పాతది. బెజవాడయొద్ద కృష్ణానదికి ఆనకట్ట 1855లో పూర్తియైన పిదప డెల్టా కాలువలు పొలములకు నీరిచ్చుటయేగాక సరుకులకు దారియు నైనవి. ఈ ప్రాంతపు ధాన్యము పడవలకెక్కి, కొమ్మమూరు కాలువ గుండ సాగి, పెదగంజాము యొద్ద బకింగ్‌హాము కాలువలో ప్రవేశించి చెన్నపట్టణపు దారి పట్టెడిది. పడవను మొత్తముగా మాట్లాడుకొనుటయో, పదిమంది బస్తాల నడుమ తన బస్తాలను వేయుటయో ఆనాటి వర్తకుడును తేల్చుకొనవలసియే యుండెను. 1899లో బెజవాడ చెన్నపట్టణముల నడుమ రైలుమార్గము తెనాలి, బాపట్లల మీదుగ ఏర్పడినది. 1916లో రేపల్లెకు రైలు వచ్చినది. పడవ స్థానమున వ్యాగను వచ్చినదే గాని ప్రశ్న పోలేదు. రైల్వేవారు పూర్తి వ్యాగనుకు ఒక రేటును, చిల్లర సరుకునకు మఱియొక రేటును పెట్టిరి. అంతేగాక "రైల్వే రిస్కు" అనియు, "ఓనర్సు రిస్కు" అనియు రెండు విధములు కల్పించిరి. సరుకు చెడినచో బాధ్యత రైల్వేది కావలెనన్నచో కిరాయి హెచ్చు. సొంతదారు తానే భరించుటకు ఒప్పుకొన్నచో తక్కువ. కిరాయి యనగా చక్రములు తిరుగుటకు మాత్రమే ఇచ్చు ధనము కాదనియు, బాధ్యతకు కూడ అందులో వెల గలదనియు ఆ రసీదులు వర్తకునికి జ్ఞాపకము చేయుచుండెడివి. లారీలు వచ్చిన పిమ్మట ఈ రెండవ సంగతి మన వర్తకులలో పలువురు మఱచిరి. దానిని తరువాత చెప్పెదను. ముందు లెక్క.

ఏడు టన్నుల పప్పునే తీసికొందము. ఇందలి రేట్లు లెక్క బోధపడుటకు ఊహించినవి మాత్రమే. నిజమైన రేట్లు దినదినమును మాఱుచుండును. పార్సిలు ఆఫీసువారు చెన్నైకి కిలోకు 3 రూపాయల 20 పైసలు అడిగిరనుకొందము. మిల్లునుండి ఆఫీసువఱకు టెంపో, ఆఫీసుయొద్ద హమాలీ, అవతల గోడౌనునుండి కొనుగోలుదారు కొట్టువఱకు మోత, ఇవన్నియు కలిపి కిలోకు మఱి 40 పైసలు పడును. వెరసి 3 రూపాయల 60 పైసలు. పది టన్నులు పట్టు ఆఱు టైర్ల లారీని మొత్తముగా మాట్లాడినచో కిరాయి 24,000 రూపాయలు అనుకొందము. ఆ 24,000లను 3 రూపాయల 60 పైసలచే భాగింపగా సుమారు 6,667 కిలోలు వచ్చును. అనగా సరుకు ఆఱు టన్నుల ఏడు క్వింటాళ్ళకు చేరిన క్షణముననే పూర్తి లారీ చౌక. ఏడు టన్నులకు పార్సిలున 25,200 రూపాయలగును. లారీకి 24,000 మాత్రమే. లారీలో మూడు టన్నుల చోటు ఖాళీగా పోవుచున్నను వర్తకునికి పన్నెండువందలు మిగులుచున్నవి. ఖాళీ చోటును చూచి మనసు చివుక్కుమనుట సహజమే. కాని మనము చూడవలసినది చోటును గాదు, ఒక్కొక్క కిలో మీద పడు ఖర్చును. ఈ భాగహారము చేయకయే "ఇంకను మూడు టన్నులు కూడనిమ్ము" అని వారము దినములు సరుకును నిలువ పెట్టువారు గలరు. ఆ వారములో పెట్టుబడిమీద వడ్డీ నడుచును. మార్కెట్టు ధర పడినచో అదియు నష్టమే.

ఇక సరుకు అయిదు టన్నులే యున్నదనుకొందము. పార్సిలునకు 18,000, లారీకి 24,000. ఆఱువేలు తేడా. కిలోకు రూపాయి ఇరువది పైసలు హెచ్చు. ఇచ్చట చాలమంది ఆగి పార్సిలు ఆఫీసునకు పోవుదురు. ఆ ఆఱువేలతో ఏమి కొనుచున్నామో చూచిన పిమ్మట పోయినను పోవచ్చును.

పార్సిలున వేసిన బస్తా ఎన్నిమాఱులు చేతులు మాఱునో ఒకసారి లెక్కించి చూడుడు. మిల్లుయొద్ద టెంపోలోనికి ఎత్తుదురు. తెనాలి ఆఫీసులో దింపుదురు. రాత్రి విజయవాడ పోవు లారీకి ఎత్తుదురు. అచట పెద్ద గోడౌనులో దింపి ఊళ్ళవారీగా వేఱుచేయుదురు. చెన్నై లారీకి మఱల ఎత్తుదురు. చెన్నైలో దింపుదురు. చిన్న బండికి ఎత్తుదురు. కొట్టుయొద్ద దింపుదురు. మొత్తము ఎనిమిది. పూర్తి లారీలో రెండే: మిల్లుయొద్ద ఎత్తుడు, కొట్టుయొద్ద దింపుడు. ఎత్తిన ప్రతిమాఱును కొక్కెము గోనెను చీల్చుటకు అవకాశము గలదు; దింపిన ప్రతి చోటను ఒక బస్తా వెనుకబడుటకు అవకాశము గలదు. పార్సిలు లారీ నిండువఱకు కదలదు. కదలినను దారిలో నాలుగు ఊళ్ళలో ఆగును. కొందఱి సరుకునకు ఇవి యేమియు బాధ గావు. గట్టి గోనెలలోని పప్పు మూడవనాడు చేరవలసినది నాలుగవనాడు చేరినను పప్పే. మఱికొందఱి సరుకు అట్టిది కాదు.

లంకల అరటినే చూడుడు. గెల నఱికిన నాటినుండి కాయ పండుటకు తొందరపడుచుండును. పచ్చిగా నున్నప్పుడే కోసి, ఎండుటాకులు అడుగున పఱచి, గెలలను ఒకదానిపై నొకటి ఒత్తుకొనకుండ పేర్చి పంపుదురు. ఎనిమిదిమాఱులు ఎత్తి దింపుటను ఆ కాయ భరింపలేదు. కావున అరటివర్తకునికి ఎంపికయే లేదు. చిన్న బండియైనను సరే, బండి యంతయు తనదే కావలెను. రొయ్యలకును అంతే. అచట ఇంకొక చిక్కు గలదు. మంచు కూడ బరువే. పెట్టెలలో నింపిన మంచును లెక్కవేయక రొయ్యల బరువునకే బండిని మాట్లాడువారు కాటాయొద్ద ఆశ్చర్యపడుదురు.

పసుపు వేఱొక విధము. అది చెడదు గాని, తన వాసనను, రంగును పక్కవానికి అంటించును. పసుపు బస్తాలప్రక్కన ప్రయాణము చేసిన బియ్యమును కొనువాడు ముఖము చిట్లించును. పసుపు ప్రక్కన కిరసనాయిలు డబ్బాయో, పురుగుమందు పెట్టెయో ప్రయాణము చేసినచో దుగ్గిరాల వర్తకునికే నష్టము. తనప్రక్క ఎవరిని కూర్చుండబెట్టుదురో పార్సిలు లారీలో మనము నిర్ణయింపలేము.

తెనాలికే చెల్లిన ఇంకొక సరుకు గలదు: విగ్రహములు. ఇచటి శిల్పశాలలనుండి దూరదేశములకు పోవు విగ్రహము బరువునకు లారీలో నాలుగవ వంతైనను ఉండకపోవచ్చును. అయినను దానికి పూర్తి లారీయే కట్టుదురు. ముక్కు విఱిగిన మహాపురుషుని ఏ పురపాలక సంఘమువారును ఆవిష్కరింపరు గదా! దీనికి నేరుగా ఎదురైనది వేటపాలెము జీడిపప్పు. వెల హెచ్చు, బరువు తక్కువ. గట్టి డబ్బాలలో కట్టి, విలువ వ్రాయించి పార్సిలున పంపుటయే అందులో తెలివి. జీడిపప్పు లారీ నిండునంతవఱకు కూర్చుండిన చిన్న వర్తకుని డబ్బంతయు గోడౌనులో నిద్రించును.

పూర్తి లారీ తగని సందర్భము ఇంకొకటి చెప్పి ముందుకు పోయెదను. క్రొత్త ఊరిలో క్రొత్త కొనుగోలుదారునకు మొదటిసారియే లారీ నిండుగ పంపరాదు. లారీ వాని గుమ్మము ముందు నిలిచిన పిమ్మట బేరము వాని చేతిలోనికి పోవును. "నాణ్యము తక్కువగా నున్నది, క్వింటాలుకు నాలుగువందలు తగ్గించిననే దింపించుకొందును" అని వాడన్నచో, మూడువందల మైళ్ళ దూరమున నున్న వర్తకుడు ఏమి చేయగలడు? లారీ ఆగినకొలది హాల్టింగు నడుచుచుండును. అయిదు బస్తాలు పార్సిలున పంపి, డబ్బు సరిగా వచ్చినదని చూచుకొని, ఆ తరువాత లారీ కట్టుట మేలు.

లారీ కట్టుటకే నిశ్చయించితిమనుకొందము. ఎంత లారీ? "పది టైర్లది", "పన్నెండు టైర్లది" అని మనము వాడుకగా అనుకొందుము. టైర్లను లెక్కించి బరువు నిర్ణయించుట అంత నమ్మదగినది కాదు. కేంద్రప్రభుత్వమువారు 2018 జూలైలో ఇరుసు బరువుల పరిమితిని పెంచిరి. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుపై 10.2 టన్నులుగా నున్నది 11.5 టన్నులైనది, జంట ఇరుసుపై 19 టన్నులున్నది 21 టన్నులైనది. కావున ఒకే తీరుగ కనబడు రెండు లారీలకు రిజిస్ట్రేషను పత్రములో వేఱువేఱు బరువులు వ్రాసియుండవచ్చును. ఆ పత్రములోని మొత్తము బరువునుండి ఖాళీ బరువును తీసివేసినచో మిగిలినదే మనము వేయదగిన సరుకు. దానిని మించినచో 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము జుల్మానా ఇరువదివేల రూపాయలు, పైన హెచ్చైన ప్రతి టన్నునకును రెండువేలు. హెచ్చు సరుకును దింపించు ఖర్చు వేఱు. "ఇంకొక ఇరువది బస్తాలు వేయుడు, ఏమియు కాదు" అని డ్రైవరు చెప్పు మాటలో ఎంతటి వెల దాగియున్నదో ఇందువలన తెలియును. జుల్మానా సరే, హెచ్చు బరువుతో బ్రేకు పట్టక లారీ తలక్రిందులైనచో బీమా కంపెనీవారు ఆ కాటా చీటీని వెదకి మఱీ చూతురు.

కొన్ని సరుకులు బరువునకు ముందే చోటును నింపును. మరమరములు, పొరకలు, ఖాళీ డబ్బాలు ఇట్టివి. వీనికి టన్నుల లెక్క పనికిరాదు. లారీ తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తులను అడిగి, బస్తా ఎంత చోటు పట్టునో చూచి బేరమాడవలెను. అట్లే బియ్యము, ఉప్పు వంటివానికి తొట్టి సగము నిండకముందే బరువు నిండిపోవచ్చును.

కిరాయి బేరము ఒక చిత్రమైన శాస్త్రము. పోవు దారి ఒక్కటియే కిరాయిని నిర్ణయింపదు; లారీ మఱల వచ్చునప్పుడు దానికి సరుకు దొఱకునా లేదా యనునది నిర్ణయించును. ఎరువులో, సిమెంటో తెచ్చి తెనాలిలో దింపి, తిరుగు సరుకునకై చెట్టుక్రింద నిలిచియున్న చెన్నై లారీవాడు తక్కువకు ఒప్పుకొనును. ఖాళీగా గుంటూరునుండి పిలిపించిన లారీవాడు ఆ ఖాళీ దారి ఖర్చునుకూడ మనమీదనే వేయును. రేపల్లె వర్తకులకు ఇది బాగుగా తెలియును. రైలు అచటితో ఆగిపోవును. చాలకాలము రోడ్డుకూడ అచటితో ఆగినట్లే యుండెను. కృష్ణపై పెనుమూడి పులిగడ్డల నడుమ వంతెన ఏర్పడి, కత్తిపూడినుండి ఒంగోలువఱకు పోవు 216వ నెంబరు జాతీయ రహదారి రేపల్లె, బాపట్ల, చీరాలల మీదుగ నడచిన తరువాత ఆ ఊరు దారి చివర గాక దారి నడుమకు వచ్చినది. మచిలీపట్నము వైపునుండి దక్షిణమునకు పోవు లారీ రేపల్లెలో ఆగి సరుకెత్తుకొనుటకు వీలు కలిగినది. కోతల కాలమున మాత్రము ఈ లెక్కలన్నియు తలక్రిందులగును. డెల్టా అంతయు ఒక్కమాఱుగ లారీలను పిలుచును, కిరాయి పెరుగును. వడ్ల కోతల నడుమ అత్యవసరము గాని పప్పును పంపబూనినవాడు అనవసరముగ చేయి కాల్చుకొనును.

ఒకరి సరుకు చాలనప్పుడు ఇద్దఱు వర్తకులు కలిసి లారీ కట్టుట మంచి మధ్యమార్గము. ఒకరిది అయిదు టన్నుల పప్పు, ఒకరిది నాలుగు టన్నుల బియ్యము. ఇద్దఱి సరుకును చెన్నైలో ఒకే పేటలో దిగవలసినది. కాని స్నేహము స్నేహమే, రసీదు రసీదే. ఇద్దఱికిని వేఱువేఱు లారీ రసీదులు, వేఱువేఱు బిల్లులు ఉండితీరవలెను. ఒకే రసీదున ఇద్దఱి సరుకును వేసినచో, దారిలో పది బస్తాలు పోయిననాడు ఎవరి బస్తాలు పోయినవో చెప్పువాడుండడు.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాను. పూర్తి లారీ కట్టుటవలన సరుకు పలుచేతులలో నలుగదు, నిజమే. కాని సరుకంతయు ఒకే బండిలో, ఒకే డ్రైవరు చేతిలో, ఒకే కాగితముమీద ప్రయాణము చేయుచున్నదను మాటయు నిజమే. పార్సిలున పోయినది ఒక బస్తా. లారీతో పోయినది సంవత్సరపు సంపాదన. అందుచేత లారీని పరీక్షించుటకంటె ముందు కాగితమును పరీక్షింపవలెను.

1865వ సంవత్సరపు క్యారియర్సు చట్టము నూటనలువదేండ్లకు పైగా మనదేశమున ఈ వ్యాపారమును శాసించినది. దాని స్థానమున 2007లో రోడ్డు రవాణా చట్టము చేయబడి 2011 మార్చి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దీనిప్రకారము కిరాయికి అందఱి సరుకును మోయు వ్యాపారము చేయువారు రిజిష్టరు చేయించుకొనవలెను. ఈ నిర్వచనములో సరుకు బుక్కు చేయు కంపెనీయేగాక ఏజెంటు, బ్రోకరు కూడ చేరియున్నారు. "నేను లారీని కుదిర్చితిని గాని నాకు పూచీ లేదు" అని తప్పించుకొనజూచు బ్రోకరునకు ఈ సంగతి చెప్పవలెను. సరుకు పోయినను, చెడినను దావాలో రవాణాదారుని నిర్లక్ష్యమును వర్తకుడు ఋజువు చేయనక్కరలేదు. తాను ఇచ్చిన సరుకు చేరలేదని చూపిన చాలును. రసీదుమీద "ఓనర్సు రిస్కు" అని ముద్రవేసినంతమాత్రమున రవాణాదారుడు తన నిర్లక్ష్యమునకు జవాబుదారి గాకపోడని, పాత చట్టమున్న కాలముననే, 2000వ సంవత్సరమున సుప్రీంకోర్టువారు చెప్పియున్నారు.

ఇంతవఱకు విన్నవారికి ధైర్యము కలుగును. కాని చట్టములో ఒక పరిమితి గలదు. దానిని ఎఱిగినవారు తక్కువ. వర్తకుడు ముందుగ ఏమియు కోరనిచో రవాణాదారుని బాధ్యత కిరాయికి పదిరెట్లవఱకు మాత్రమే. పసుపునే ఉదాహరణముగ తీసికొందము. పదునెనిమిది టన్నులు, క్వింటాలు పన్నెండువేలు అనుకొన్నచో వెల 21 లక్షల 60 వేలు. లారీ కిరాయి 45,000 అనుకొందము. పదిరెట్లు 4 లక్షల 50 వేలు. లారీ వానలో నిలిచి, టార్పాలిను చినిగి, పసుపంతయు నానిపోయినచో రవాణాదారు చట్టప్రకారము ఇచ్చుకొనవలసినది ఆ నాలుగున్నర లక్షలవఱకే. మిగిలిన 17 లక్షల 10 వేలు ఎవరివి? సరుకు చేతిలోనున్న వర్తకునివి. అతడు అప్పు తెచ్చిపెట్టినచో బ్యాంకువారివి. రైతుకు ఇంకను డబ్బీయనిచో రైతువి. కిరాయిని గీచి గీచి బేరమాడినకొలది ఆ పదిరెట్లును తగ్గుచుండుననునది ఇందులోని వింత. అయిదువేలు కిరాయి తగ్గించుకొన్నవాడు తనకు తెలియకయే ఏబదివేల పూచీని వదలుకొన్నాడు!

దీనికి చట్టమే ఉపాయము చెప్పినది. సరుకు అప్పగించునప్పుడు నింపి ఇచ్చు పత్రములో వెలను స్పష్టముగ వ్రాసి, రవాణాదారు నిర్ణయించిన హెచ్చు రిస్కు రేటును చెల్లించుటకు వ్రాతమూలముగ ఒప్పుకొన్నచో ఈ పదిరెట్ల పరిమితి తొలగును. రైలు దినములలోని "రైల్వే రిస్కు" రేటే ఇది. వెల గడిని ఖాళీగా విడుచుట, లేదా పన్నుల భయముచేత వెలను తగ్గించి వ్రాయుట రెండును ప్రమాదములే. పదిరెట్ల మొత్తమైనను పత్రములో వ్రాసిన వెలను మించరాదని నిబంధన.

చట్టము రవాణాదారుని విడిచిపెట్టిన సందర్భములును గలవు: దైవికములు, యుద్ధము, అల్లరులు, న్యాయస్థానపు జప్తు, ప్రభుత్వపు నిషేధము. మన తీరమున మొదటిదానిని తేలికగా తీసికొనరాదు. 1977 నవంబరు 19వ తేదీ నాటి ఉప్పెనను ఈ ప్రాంతమువారు మఱువలేదు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. అది సరిగా వడ్ల కాలము. జాగ్రత్తపడినచో తప్పునట్టి నష్టమునకు రవాణాదారు తుపానును సాకుగ చెప్పరాదని చట్టమున నున్నది. అయినను తుపాను హెచ్చరిక విన్న పిమ్మట లారీని పంపుటయు, ఆపుటయు వర్తకుని వివేకమే. మన వార్తల అనంతరము వచ్చు వాతావరణ సూచన పడవవారికే యని తలపవలదు.

మిగిలిన లోటును పూడ్చునది బీమా. లారీకి బీమా యున్నదని డ్రైవరు చూపు పత్రము లారీకే గాని సరుకునకు గాదు. సరుకు ప్రయాణపు బీమాలో మూడు తరగతులు గలవు. 'సి' తరగతి అగ్ని, పిడుగుపాటులకే పరిమితము. 'బి' తరగతిలో వానితోపాటు లారీ ఢీకొనుట, బోల్తాపడుట, వంతెన కూలుట మొదలగునవి చేరును. 'ఎ' తరగతి విశాలమైనది. ప్రీమియము తక్కువయని 'సి' తీసికొని దొంగతనమునకు పరిహారమడిగినవాడు నిరాశపడక తప్పదు. విశాలమైన 'ఎ' తరగతిలోకూడ ఆలస్యమువలన కలుగు నష్టమును, సరుకు తన స్వభావముచేత తాను చెడుటను ఒప్పుకొనరు. అనగా రెండు దినములు ఆలస్యమై దారిలో పండిన అరటికి బీమా లేదు. అరటివర్తకునికి నమ్మకమైన లారీయే బీమా.

ప్రభుత్వ పత్రముల విషయము క్లుప్తముగ చెప్పెదను. 2018నుండి 50,000 రూపాయలకు మించిన సరుకు కదలుటకు ఈ-వే బిల్లు కావలెను; పన్నులేని వ్యవసాయపు సరుకులలో కొన్నింటికి మినహాయింపు గలదు గనుక తన సరుకు ఏ కోవలోనిదో లెక్కలు వ్రాయువానిని అడిగి తెలిసికొనవలెను. ఆ బిల్లు 200 కిలోమీటర్లకు ఒక దినము చొప్పున చెల్లును. లారీ చెడిపోయి సరుకును వేఱొక లారీకి మార్చినచో ఆ క్రొత్త నెంబరును బిల్లులో ఎక్కింపవలెను. ఎక్కింపక పట్టుబడినచో, ఆ ఆగుదల ఖర్చు పూర్తి లారీవలన మిగిలిన దానినంతను మ్రింగివేయును.

లారీ మిల్లు ముంగిట నిలిచిన తరువాత అరగంట దానిచుట్టు తిరుగుట అవమానము గాదు. నెంబరును ఫోనులోని పరివాహన్ యాప్‌లో వేసి చూచినచో రిజిస్ట్రేషను, ఫిట్‌నెసు, బీమా ఉన్నవో లేవో తెలియును. రాష్ట్రము దాటవలసినచో నేషనల్ పర్మిటును, డ్రైవరు లైసెన్సును చూడవలెను. తొట్టి లోనికెక్కి చూచినచో పలకలమీద మేకులు తేలియున్నవో, నిన్నటి సరుకు యూరియాయో, చేపలో ముక్కే చెప్పును. నేల తడిగా నున్నచో ఎండిన గడ్డి పఱచినంతమాత్రమున చాలదు. టార్పాలినును ఎండలోనికి ఎత్తి పట్టుకొని క్రిందనుండి చూడవలెను. వెలుగు దిగుచోట వానయు దిగును. ఖాళీ లారీని ఒకసారి, నిండిన లారీని ఒకసారి కాటా వేయించి రెండు చీటీలను ఉంచుకొనవలెను. బస్తాల లెక్క, బరువు, లారీ నెంబరు, వెల, చేరవలసిన చోటు ఇవన్నియు రసీదున ఎక్కిన తరువాతనే అడ్వాన్సు ఇయ్యవలెను. రసీదున వ్రాసిన బరువు, బస్తాల సంఖ్య న్యాయస్థానమున ప్రాథమిక సాక్ష్యముగ నిలుచును. ఎత్తుటకు, దింపుటకు ఎన్ని గంటలు ఉచితము, ఆపైన హాల్టింగు ఎంత, దింపుడు కూలి ఎవరిది, ఇవి నోటిమాటగ గాక చీటీలో నుండవలెను. తగవులన్నియు చాలవఱకు ఈ మూడింటిమీదనే వచ్చును.

కొనుగోలుదారుకును ఒక పని అప్పగింపవలెను. లారీ వచ్చిన వెంటనే తాళ్ళు విప్పకముందు టార్పాలినును, పైవరుసను చూడుమని ముందుగనే ఫోనులో చెప్పియుంచవలెను. తడి యున్నను, లెక్క తగ్గినను డ్రైవరు వెడలిపోకమునుపే ఆ సంగతి రసీదు ప్రతిమీద వ్రాసి, వానిచేత సంతకము చేయించి, ఫోటో తీసి పంపవలెను. "సరుకు ముట్టినది" అని సంతకము చేసిన పిదప రెండవనాడు చెప్పు మాటకు విలువ తక్కువ. నష్టపరిహారము కోరువారు దావా వేయుటకు ముందు రవాణాదారునకు వ్రాతమూలముగ నోటీసు ఇయ్యవలెను. అది సరుకు బుక్కు చేసిన నాటినుండి 180 దినములలోపల అందవలెను. నష్టము తెలిసిన నాటినుండి గాదు, బుక్కు చేసిన నాటినుండి. సంక్రాంతికి ముందు పంపిన పసుపునకు ఆషాఢము దాటిన పిమ్మట నోటీసు వ్రాసినచో న్యాయవాదికూడ ఏమియు చేయజాలడు.